ఆయన ఆగే దూరం

బొంగరం అసలు పేరు మెడలో వేలాడే ఆఫీసు కార్డు మీద తప్ప ఇంకెక్కడా కనపడేది కాదు. చిన్నప్పుడు ఒక్కచోట కుదురుగా కూర్చునేది కాదని వాళ్ళ పిన్ని పెట్టిన పేరది. ముప్ఫై అయిదేళ్ళు వచ్చి, వీడియో గేములు తయారుచేసే కంపెనీలో నలుగురికి పని చెప్పే ప్రోగ్రామరయినా ఇంట్లోవాళ్ళకి ఆమె బొంగరమే.

ఆ ఏడాది కంపెనీకి పెద్ద పనొచ్చింది. ఇరవై నాలుగేళ్ళ కిందట జనం దుప్పట్లు ముసుగేసుకుని మరీ ఆడిన ‘తలుపవతల’ అనే గేమ్‌ని టీవీకి తగిలించి ఆడే ఇప్పటి కన్సోళ్ళకి తగ్గట్టు మళ్ళీ తయారు చెయ్యాలి. మూతబడ్డ హాస్టల్లో తప్పిపోయిన చెల్లెల్ని ఒక అక్క వెతుక్కుంటూ తిరుగుతుంది. ఆమె ఉన్న గదిలోకల్లా ఒక ఆకారం వస్తుంది. కథంతా అంతే.

బొమ్మలకి మెరుగు పెట్టి, శబ్దాలు శుభ్రం చేస్తే అయిపోతుందనుకున్నారు పైవాళ్ళు. దిగాక గాని లోతు తెలియలేదు. పాత గేమ్‌లో భయమంతా పాత యంత్రం చేతకానితనంలోంచి పుట్టింది. దూరంగా ఉన్నవి చూపించే శక్తి దానికి లేక వరండా నిండా పొగమంచు పోశారు. ఇప్పుడు ఆ అవసరం లేదు కదా అని మంచు తీసేస్తే, వరండా చివర అట్టపెట్టె లాంటి బోడిగోడ బయటపడి అందరూ పకపకా నవ్వారు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పోవాలంటే తలుపు కిర్రుమంటూ తెరుచుకోడానికి ఎనిమిది సెకన్లు పట్టేది. ఆ ఎనిమిది సెకన్లూ ఆడేవాడి గుండె దడదడలాడేది. నిజానికది అవతలి గది లోడవడానికి పట్టే సమయం. కొత్త కన్సోల్‌లో రెప్పపాటులో లోడయిపోయి తలుపు టక్కున తెరుచుకుంటోంది.

“ఇది దెయ్యాల హాస్టలా, సూపర్ మార్కెట్టా?” అన్నాడు టెస్టింగ్ అన్న.

టెస్టింగ్ అన్న పని గేములు ఆడి తప్పులు పట్టడం. అంతకుముందు పదిహేనేళ్ళు బస్సు నడిపి, నడుంనొప్పితో మానేసి ఇందులోకి వచ్చాడు. తెర మీద రక్తం ఏరులై పారుతున్నా రెండో చేత్తో బిస్కెట్లు తింటూ కూర్చునే మనిషి. అలాంటివాడు ఒకరోజు మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు బల్ల మీద పడేసి లేచి నిలబడ్డాడు.

“అమ్మా, ఈ గేమ్ నేనిక ఆడను. ఇంకెవరికన్నా ఇవ్వు.”

“ఏమైందన్నా?”

“అది నా వెనక నిలబడుతోంది.”

“గేమ్‌లో అక్క వెనకా?”

“కాదమ్మా. నా వెనక.” ఆయన మెడ తడుముకున్నాడు. “పట్టుకోదు, చంపదు. వచ్చి నిలబడుతుంది. ఊపిరి వినపడుతుంది. తిరిగి చూద్దామంటే అదీ నాతోపాటు తిరిగి మళ్ళీ వెనక్కే పోతుంది. దాని బదులు చంపేసినా బాగుండు.”

బొంగరం నవ్వింది గాని, తను ఆడి చూశాక నవ్వు ఆగిపోయింది. పది నిమిషాలకే తనూ హెడ్‌ఫోన్లు తీసేసింది. రెండు రోజులు తవ్వితే కారణం దొరికింది. మామూలు గేముల్లో దెయ్యం బొమ్మ మనిషి వెంట పడుతుంది. ఇందులో ఆకారం అక్క కోసం రావడం లేదు, కెమెరా దగ్గరికి వస్తోంది. ఆడేవాడి కన్ను ఎక్కడుంటే అక్కడికి. పాత గేమ్‌లో కెమెరా ప్రతి గదిలోనూ ఓ మూల కదలకుండా ఉండేది కాబట్టి, ఆకారం నేరుగా తెర మీదికి నడిచొచ్చి, ఆగి, దాని భుజంతో సగం తెర మూసేసేది. అదెందుకంత భయపెడుతుందో అప్పట్లో ఎవరికీ అంతుబట్టలేదు. ఇప్పుడు కెమెరా స్వేచ్ఛగా తిరుగుతోంది గనక, అది వచ్చి కెమెరా వెనక ఆగుతోంది. సరిగ్గా మూడడుగుల దూరంలో.

అలా ఎందుకు రాశారు? అది రాసినామెను అడగాలి. రాసింది ఎవరో తోటి ప్రోగ్రామర్లలో బొంగరానికి ఒక్కదానికే తెలుసు. వాళ్ళ పిన్ని.

పిన్నికి ఇప్పుడు యాభై. అప్పట్లో ఆ గేమ్ చేసిన చిన్న కంపెనీలో ఉన్న ఒకే ఒక్క ఆడ ప్రోగ్రామరు ఆమె. గేమ్ పూర్తవగానే ఉద్యోగం వదిలేసింది. కళ్ళు పాడవుతాయని డాక్టరు వద్దన్నాడని ఇంట్లో చెప్పింది. అప్పట్నుంచీ పిల్లలకి లెక్కల పాఠాలు చెప్పుకుంటూ ఒంటరిగా ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. గేమ్ మీద పేరు మాత్రం అప్పట్లో ఆమెకి పైన ఉన్న పెద్దసారు ఒక్కరిదే పడింది. ఆ పెద్దసారే ఇప్పుడు బొంగరం వాళ్ళ కంపెనీలో అన్ని గేములకీ పైన ఉన్న మనిషి. తెల్లటి ఇస్త్రీ చొక్కా, మెత్తటి గొంతు. “భయం అంటే ఏంటో నాకు తెలుసు” అని పత్రికలవాళ్ళకి చెబుతుంటారు.

ఈ పని మొదలైన కొత్తలో పాత కోడు సగం పోయిందని ఆఫీసులో తలలు పట్టుకుంటుంటే, బొంగరం పిన్ని దగ్గరికెళ్ళి అడిగింది. పిన్ని ముందు దిద్దుతున్న పుస్తకాలన్నీ సర్ది పక్కన పెట్టింది. చివరికి బట్టల అడుగునుంచి ఒక డిస్కు తీసి ఇచ్చి, “పాత సామాన్ల కొట్లో దొరికిందని చెప్పు. నా ఊసెత్తకు. దీని గురించి నన్నేమీ అడక్కు” అంది. బొంగరం అలాగే చెప్పింది. డిస్కు చూసినప్పుడు పెద్దసారు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి, “అదృష్టవంతురాలివి” అని తిరిగిచ్చేశారు.

ఆ డిస్కులో ఆకారం నడక రాసిన ఫైలు ఒకటుంది. టెస్టింగ్ అన్న గొడవ తర్వాత బొంగరం ఆ ఫైలు తెరిచి మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది. అందరూ భోజనానికి పోయారు. హాల్లో ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు.

ప్రోగ్రామర్లు కోడు పక్కన గుర్తు కోసం చిన్న చిన్న మాటలు రాసుకుంటారు. పిన్ని ఇంగ్లిషు అక్షరాల్లో తెలుగు మాటలు రాసేది. మిగతా ఫైళ్ళన్నిట్లో ఆకారాన్ని ‘అది’ అని రాసింది. అది మెట్లు దిగుతుంది, అది తలుపు తోస్తుంది. ఈ ఒక్క ఫైల్లో మాత్రం మాట మారింది.

‘ఆయన వచ్చారు. మూడడుగుల దూరంలో ఆగుతారు. ఏమీ అనరు. తిరక్కూడదు.’

బొంగరం కళ్ళు నులుముకుంది. దెయ్యాన్ని గౌరవంగా పిలవడమేంటి? కిందికి జరిపింది. ఆకారం ఎన్ని సెకన్లు నిలబడాలో చెప్పే అంకెలు వరసగా ఉన్నాయి. నలభై, ఇరవై అయిదు, డెబ్భై, పన్నెండు. ఏదో తోచిన అంకెలు వేశారని ఇన్నాళ్ళూ అనుకున్నారు. ఫైల్లో ఒక్కో అంకె పక్కనా ఒక తేదీ ఉంది.

‘పదకొండో తేదీ, నలభై నిమిషాలు. పన్నెండో తేదీ, ఇరవై అయిదు. పదిహేనో తేదీ, డెబ్భై. ఇవాళ అందరూ వెళ్ళిపోయారు.’

వరసలు లెక్కపెట్టింది. నూట పదమూడు. చివరి దాని పక్కన నిమిషాలు లేవు. ‘తలుపు గడియ పెట్టారు’ అని మాత్రమే ఉంది.

 పిన్ని గేమ్‌లోకి దెయ్యాన్ని రాయలేదు. తన వెనక రోజూ వచ్చి నిలబడ్డ మనిషిని రాసింది. నిమిషాలతో సహా.

అప్పుడు చూసింది బొంగరం. నల్లటి తెర మీద, అక్షరాల వెనక, ఒక తెల్లటి మరక. చొక్కా నీడ. అది ఎప్పట్నుంచి అక్కడుందో తెలీదు. అడుగుల చప్పుడు వినపడలేదు. తిరగాలనుకుంది. మెడ తిరగలేదు.

“దొరికిందా?” అంది మెత్తటి గొంతు.

 “ఇంకా లేదు సార్” అంటూ బొంగరం ఫైలు మూసేసింది. వేలు రెండుసార్లు తప్పి మూడోసారి మీట మీద పడింది.

“నిదానంగా వెతుకు. కంగారేం లేదు.” కాసేపు ఊపిరి మాత్రమే వినపడింది. “పిన్ని ఎలా ఉంది?”

బొంగరం రెండు చేతులూ మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“డిస్కు మీద దస్తూరి చూడగానే గుర్తుపట్టాను. అక్క కూతురని నీ పేరు అప్పట్లో చెబుతుండేది. చాలా తెలివైన మనిషి. నేను అడిగానని చెప్పు.”

మరక తెర మీంచి నెమ్మదిగా జరిగిపోయింది. వరండాలో భోజనం ముగించుకొస్తున్న వాళ్ళ మాటలు వినపడేదాకా బొంగరం కుర్చీలోంచి కదల్లేదు. తర్వాత బాత్రూంలోకి పోయి, గడియ పెట్టుకుని, మొహం కడుక్కుని, ఆ గడియ మళ్ళీ తియ్యడానికి భయపడి చాలాసేపు అందులోనే నిలబడింది.

సాయంత్రం తిన్నగా పిన్ని ఇంటికెళ్ళింది. పిన్ని ఎవరో పిల్లాడి లెక్కల పుస్తకం దిద్దుతోంది. బొంగరం మొహం చూసి ఎర్రసిరా పెన్ను మూత పెట్టేసింది.

“చదివేశావా?”

“చదివాను. ఆయన నీ గురించి అడిగాడు పిన్నీ.”

పిన్ని లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టే ఉందో లేదో చూసొచ్చింది. కూర్చున్నాక చేతులు ఒళ్ళో పెట్టుకుని, పాఠం చెబుతున్నంత నెమ్మదిగా చెప్పింది.

“పదకొండు నెలలు. నేను పని చేస్తుంటే వచ్చి వెనక నిలబడేవారు. మొదట్లో పని చూస్తున్నారనుకున్నాను. తిరిగితే, ఏం లేదమ్మా నువ్వు చేసుకో అనేవారు. ఇంకొంచెం దగ్గరికి వచ్చేవారు. ముట్టుకున్నారా అంటే ఆ ఒక్క రోజే. గడియ పెట్టిన రోజు. కిటికీ అద్దం పగలగొట్టి అరిస్తే వాచ్‌మన్ వచ్చాడు. గాలి రాకపోతే కంగారుపడిందని చెప్పారు వాచ్‌మన్‌తో. కానీ నాకు ఆ రోజు కంటే మిగతా నూట పన్నెండు రోజులే ఎక్కువ భయం. ఎవరికి చెప్పినా, నిలబడితే ఏమవుతుంది అన్నారు. మీ అమ్మతో సహా.”

“అందుకని గేమ్‌లో పెట్టావా?”

“నిలబడితే ఏమవుతుందో వాళ్ళకీ తెలియాలి కదా?” పిన్ని నవ్వబోయి మానేసింది. “ఆకారం అలా వచ్చి ఆగడం చూసి ఆయనేమన్నారో తెలుసా? అద్భుతం, ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా నీకీ ఆలోచన అన్నారు. అది తనేనని ఆయనకి తెలియనే లేదు.”

“వాణ్ణి ఊరుకోకూడదు పిన్నీ.”

“వాడు అనడం నాకిప్పటికీ రాదే. నోరు తిరగదు. ఆఖరికి కోడులో కూడా రాయలేకపోయాను.”

మర్నాడు ఆఫీసులో అడుగుపెట్టాక బొంగరం కంట్లో మొదట పడింది బొమ్మలమ్మాయి బల్ల. గోడలూ మెట్లూ మొహాలూ గీసే ఈ అమ్మాయి నెల కిందట తన బల్లని ఒక్కతే లాక్కుని వీపు గోడకి ఆనేలా తిప్పుకుంది. ఏసీ గాలి కోసమని అంతా ఆటపట్టించారు, బొంగరంతో సహా. ఇప్పుడు ఆ సంగతి తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆ అమ్మాయిని కింద టీ కొట్టు దగ్గరికి తీసుకెళ్ళింది.

“నిన్నో మాట అడగాలి. బల్ల ఎందుకు తిప్పావు?”

బొమ్మలమ్మాయి టీ మీది మీగడ వేలితో తీసి పారేసింది.

“ఎవరైనా వెనక నిలబడుతున్నారా?”

ఆ అమ్మాయి కప్పు బల్ల మీద పెట్టేసింది. “మీకెలా తెలుసక్కా? నేను పిచ్చిదాన్నేమో అనుకుంటున్నాను. ఆయన ఏమీ చెయ్యరు. ఏమీ చెయ్యని మనిషి మీద ఏమని ఫిర్యాదు చేస్తాం?”

ఇద్దరూ కలిసి రాశారు. ఫైల్లోని నూట పదమూడు వరసలూ, బొమ్మలమ్మాయి తన ఫోన్లో గుర్తుపెట్టుకున్న పంతొమ్మిది తేదీలూ జతచేశారు. పిన్ని తన పేరు పెట్టడానికి మొదట ఒప్పుకోలేదు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, “పెట్టు” అని ఒక్క మాట అని పెట్టేసింది. పిన్ని పేరూ చిరునామాతో కాగితం విచారణ కమిటీకి చేరింది, నకలు పెద్దసారుకీ అందింది. పెద్దసారుని పది రోజులు ఇంట్లో ఉండమన్నారు.

ఆ ఆదివారం ఉదయం బొంగరం పిన్ని ఇంట్లోనే ఉంది. పిన్ని టీ కాస్తున్న వంటింట్లోంచి చప్పుడు రావడం ఆగిపోయింది. వెళ్ళి చూస్తే పాలు పొంగి స్టవ్ మీదికి కారుతున్నాయి. పిన్ని కిటికీ దగ్గర బిగుసుకుపోయి ఉంది.

కింద, వీధికి అవతల, ఇస్త్రీ కొట్టు పక్కన తెల్ల చొక్కా. చేతులు జేబుల్లో పెట్టుకుని, తలెత్తి, ఇటే చూస్తున్నారు. కదలడం లేదు. పిలవడం లేదు. ఎవరన్నా అడిగితే ఎవరికోసమో ఎదురుచూస్తున్నానంటారు. వీధిలో నిలబడటం నేరం కాదు.

“పోలీసులకి ఫోన్ చేస్తాను” అంది బొంగరం. 

“చెయ్యి. వాళ్ళొచ్చేసరికి వెళ్ళిపోతారు. రేపు మళ్ళీ వస్తారు.” పిన్ని కింది వీధి మీంచి కళ్ళు తిప్పలేదు. “ఎంతసేపయింది?”

“ఏమో.”

“నేను చూసి ఇరవై రెండు నిమిషాలయింది.”

ఆ మాటతో బొంగరానికి ఏడుపు వచ్చేసింది. ఇరవై నాలుగేళ్ళ తర్వాత కూడా ఈవిడ నిమిషాలు లెక్కపెడుతోంది. పిన్ని మాత్రం ఏడవలేదు. స్టవ్ ఆర్పింది. చెంగుతో చేతులు తుడుచుకుంది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. ముప్ఫై మంది పిల్లలకి ఎక్కాలు చెప్పే గొంతు ఆవిడది. ఆ గొంతంతా ఎత్తింది.

“ఏవండీ! ఇస్త్రీ కొట్టు పక్కనున్న తెల్ల చొక్కా ఆయనండీ! మిమ్మల్నే! ఎవరికోసమండీ నిలబడ్డారు?”

వీధి ఒక్కసారి ఆగిపోయినట్టయింది. ఇస్త్రీ చేసేవాడు పెట్టె పక్కకు పెట్టి తొంగిచూశాడు. కూరల సంచీతో పోతున్న ఇద్దరాడవాళ్ళు ఆగారు. ఎదురింటి మేడమీద బట్టలారేస్తున్నాయన పిట్టగోడ మీదికి వంగాడు.

“చెప్పండి! ఇరవై నాలుగేళ్ళ కిందట నూట పదమూడు రోజులు నా వెనక నిలబడ్డారు. నన్ను గదిలో పెట్టి గడియ వేశారు. ఇవాళ ఎందుకొచ్చారో ఇంతమందిలో చెప్పండి!”

పెద్దసారు చేతులు జేబుల్లోంచి బయటికొచ్చాయి. అటూ ఇటూ చూశారు. ఎటు చూసినా కళ్ళే.

“ఏం సార్, ఎవరు కావాలి మీకు?” అంటూ ఇస్త్రీ అతను కొట్టు దిగి రెండడుగులు ముందుకేశాడు.

ఆయన ఏదో గొణిగి తిరిగి నడిచారు. మలుపు దాకా నడక, ఆ తర్వాత పరుగు లాంటిది. పిన్ని కిటికీ పట్టుకునే నేలమీద కూలబడిపోయింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. బొంగరం దుప్పటి కప్పి, ఆ వణుకు తగ్గేదాకా గట్టిగా పట్టుకుని కూర్చుంది.

వీధిలో అంతమంది చూశాక, అక్కడికి వచ్చిన సంగతిని పెద్దసారు కమిటీ ముందు కాదనలేకపోయారు. కోడు పక్కన రాసిన మాటలు సాక్ష్యం కావన్నారు గాని, బొమ్మలమ్మాయి కాక ఆఫీసులోనే ఇంకో ఇద్దరు నోరు విప్పారు. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. పైవాళ్ళు బయటికి మాత్రం అనారోగ్యం అని చెప్పుకున్నారు. గడియ పెట్టిన నాటి కేసు ఇన్నేళ్ళ తర్వాత నిలవడం కష్టమన్నాడు లాయరు. ఇంటి ముందు కాపుకాసినందుకు పెట్టిన కేసు మాత్రం నడుస్తోంది.

గేమ్ ఆగలేదు. ఆకారం నడకని సరిచెయ్యడం ఎవరివల్లా కాక, బొంగరం అడిగితే పిన్ని వారానికి రెండు రోజులు ఆఫీసుకొచ్చింది. పాత గేమ్‌లో వెనక్కి తిరగడం కుదిరేది కాదు. కొత్త దాంట్లో తిరగొచ్చు. మరి తిరిగితే ఆడేవాళ్ళకి ఏం కనపడాలి? బొమ్మలమ్మాయి కోరలతో, పుళ్ళతో, కళ్ళు లేకుండా, రకరకాల మొహాలు గీసి చూపించింది.

“ఇవేవీ కావమ్మా” అంది పిన్ని. “కుర్చీలో కూర్చుని తిరిగితే మొహం కనపడదు. బెల్టు కనపడుతుంది. ఇస్త్రీ చొక్కా గుండీలు కనపడతాయి. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతుంటుంది. అంతవరకే గీయి.”

గీశాక టెస్టింగ్ అన్న ఆడాడు. వెనక్కి తిరిగి చూసి, హెడ్‌ఫోన్లు తీసి, “మా ఆవిడ బస్సెక్కినప్పుడల్లా వెనక ఎవరో ఆనుకుని నిలబడుతున్నారని చెప్పేది, నేను వినిపించుకునేవాణ్ణి కాదు” అన్నాడు.

గేమ్ బయటికొచ్చింది. రాసినవాళ్ళ పేర్లలో మొట్టమొదట పిన్ని పేరు పడింది. దాని గురించి ఒక పత్రికలో రాశారు. అది చదివి ఒక రోజు ఎవరో ఆవిడ ఫోన్ చేసింది. గొంతు తెలియదు, ఊరు వేరు. పెద్దసారు మధ్యలో పనిచేసిన ఇంకో కంపెనీలో ఉండేదట. పిన్ని నలభై నిమిషాలు మాట్లాడింది. మాట్లాడటం కంటే వినడమే ఎక్కువ. ఫోన్ పెట్టేశాక సోఫాలో వెనక్కి వాలింది.

“ఏమంటోంది పిన్నీ?” అంది బొంగరం.

“నాకు జరిగిందే. గడియతో సహా.” పిన్ని గొంతు వినపడీ వినపడనట్టుంది. “నేను మానేసిన ఆరేళ్ళకి. ఆ కిటికీలోంచి అరిచినట్టు నేను అప్పుడే అరిచి ఉంటే?”

 బొంగరం లేచి వెళ్ళి పిన్ని పక్కన, భుజానికి భుజం ఆనేలా కూర్చుంది.